కట్టు సామాను తెచ్చేదా

ఎమ్మిగనూరులో సేతుమాధవరావు డాక్టరుకు ఎముకలు తమ గోడు చెప్పుకుంటాయని పేరు. జ్వరాలకూ విరేచనాలకూ ఆయనకంటే హస్తవాసి ఉన్నవాళ్లు బజారులో ఇద్దరు ముగ్గురు లేకపోలేదు. కానీ కాలు విరిగిందా, బెణికిందా అన్న సందేహం వస్తే మాత్రం కోడుమూరు నుంచి కూడా బండి కట్టించుకుని ఆయన గుమ్మంలోకే వచ్చేవాళ్లు.

ఆయనది ఎనిమిది మంచాల సొంత ఆస్పత్రి. ముందు ఆస్పత్రి, వెనక ఇల్లు, మధ్యలో బావి ఉన్న పెరడు. ఎక్సురే మిషను లేదు. ఎక్సురే కావాలంటే ఆదోనికి పోవాలి. డెబ్బైల నాటి ఆ రోడ్డు సంగతి పోయినవాళ్లకే తెలుసు. సగం విరిగిన ఎముక ఆదోని చేరేలోపు పూర్తిగా విరుగుతుందని జనం వేళాకోళం చేసేవాళ్లు. అందులో అబద్ధం పెద్దగా ఉండేది కాదు.

అందుకని డాక్టరు తాను చదువుకునే రోజుల్లో ఒక ముసలి ప్రొఫెసరు నేర్పిన పద్ధతి వాడేవాడు. స్టెతస్కోపు గిన్నెను ఎముక ఒక కొసన ఆనించి, రెండో కొసన వేలితో కొట్టి వినడం. తుంటి సంగతి తేల్చాలంటే గిన్నె పొత్తికడుపు కింది ఎముక మీద పెట్టాలి, దెబ్బ మోకాలి చిప్ప మీద వేయాలి. ముందు బాగున్న కాలు, తర్వాత దెబ్బ తగిలిన కాలు. ఎముక నిండుగా ఉంటే చెక్క తలుపు మీద కొట్టినట్టు టకటకా గట్టిగా వినపడుతుంది. విరిగి ఉంటే అదే చప్పుడు పత్తి మూట అవతల నుంచి వచ్చినట్టు మెత్తగా, దూరంగా ఉంటుంది. అంతే విద్య. చెప్పడానికి తేలికే. ఆ తేడా పట్టుకోవడానికి చెవి కావాలి.

ఊరికి తెలియని సంగతి ఏమిటంటే, రెండేళ్లుగా వింటున్న చెవి డాక్టరుది కాదు. నర్సు కృపమ్మది.

మొదట్లో ఆడవాళ్ల విషయంలోనే ఆమె వినేది. గిన్నె ఆనించాల్సిన చోటు అలాంటిది కాబట్టి మగ డాక్టరు చెయ్యి పెడితే ఏ ఇంటివాళ్లూ ఒప్పుకోరు. కృపమ్మ చీర మీదుగా గిన్నె పెట్టి వింటే, డాక్టరు మోకాలి మీద కొట్టేవాడు. పోనుపోను మగవాళ్లకూ ఆమే వినసాగింది. ఒక సాయంత్రం మందుల గదిలో డాక్టరు గొంతు తగ్గించి, "ఎడమ చెవి పూర్తిగా పోయింది కృపమ్మా. కుడిది సగమే. తులసికి కూడా చెప్పలేదు," అన్నాడు. తులసీబాయి ఆయన భార్య. చెవులు పోయినవాడు గొంతు తగ్గిస్తే మాత్రం ఎంత తగ్గుతుంది! ఆ మాట వరండా దాకా వినపడింది. అదృష్టం కొద్దీ అక్కడెవరూ లేరు.

అప్పటి నుంచి ఇద్దరి మధ్యా ఒక ఏర్పాటు నడిచింది. కృపమ్మ విని, గొట్టాలు మెడలో వేసుకుని, ఆయన కుడిపక్కకు వచ్చి "కట్టు సామాను తెచ్చేదా సార్?" అని అడిగితే విరిగిందని అర్థం. "నూనె తెచ్చేదా సార్?" అంటే బెణుకు. డాక్టరు కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించినట్టు నటించి తీర్పు చెప్పేవాడు. నటన బాగానే కుదిరేది.

గుంట మగ్గంలోకి దిగబోయి కాలు జారిన నేతగాడు శేషప్పను ఒకసారి మోసుకొచ్చారు. మోకాలి కింద ఇంత వాపు. ఊళ్లో వాళ్లు అప్పటికే వెదురు బద్దలు చీల్చి, గుడ్డు సొన పట్టించి కట్టేయబోతే అతనే వద్దన్నాడు. కృపమ్మ వింది. "నూనె తెచ్చేదా సార్?" అంది. డాక్టరు కళ్లు మూసి తెరిచి, "ఎముక గట్టిగా ఉంది. వారం రోజుల్లో మగ్గంలో కూర్చుంటావు పో," అన్నాడు. శేషప్ప రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "సార్ సెప్పినాడంటే దేవుడు సెప్పినట్లే," అన్నాడు. ఆ దండం డాక్టరుకే పోయింది. అందులో తనకు రావలసింది ఏమైనా ఉందా అన్న ఆలోచన కూడా కృపమ్మకు రాలేదు. నూనె సీసా తేవడానికి లోపలికి పోయింది.

ఆమెకు అప్పటికి నలభై ఆరేళ్లు. భర్త దేవదాసు ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. పెళ్లయిన ఆరేళ్లకు కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. ఆ మరుసటి నెలలోనే ఈ ఆస్పత్రిలో చేరి పంతొమ్మిదేళ్లయింది. ఆస్పత్రి వరకు ఆమె మాటకు ఎదురు లేదు. పెరడు దాటి ఇంటి వైపు పోతే మాత్రం గడప దగ్గర ఆగిపోవాలి. కాఫీ ఇస్తే ఎత్తి పోస్తారు. ఆ గ్లాసు బయటి గూట్లోనే ఉంటుంది, కడిగి బోర్లించుకోవడం ఆమె పని. చేరిన కొత్తలో ఆ కాఫీ గొంతు దిగేది కాదు. రెండు మూడేళ్లకు దిగసాగింది. ఆ తర్వాత రుచి కూడా తెలిసేది. ఆదివారం చర్చిలో పక్కన కూర్చునే ఆడవాళ్లు, "ఆ ఇంట్లో ఎట్ల పని చేస్తావక్కా?" అంటే, "నాకేమీ అనిపీదు," అనేది. అది నిజమనే నమ్మేది. అలా ఏమీ అనిపించకపోవడం ఒక సౌకర్యం కూడా. గొట్టాలు చెవుల్లో పెట్టుకున్నప్పుడు మనసు అడ్డం రాదు, చప్పుడు ఒక్కటే వినపడుతుంది.

ఆ గడపకు అసలు యజమాని డాక్టరు తల్లి భాగీరథీబాయి. ఎనభై దాటింది. ఇంట్లో కన్నడం, గడప దాటితే తెలుగు, దేంట్లో మాట్లాడినా ఆజ్ఞ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. తెల్లవారకముందే బావి దగ్గర స్నానం చేసి, తడిబట్టతో మడి కట్టుకుని, తన వంట తానే వండుకునేది. భోజనం అయ్యేదాకా కొడుకూ కోడలూ కూడా ఆమెను తాకకూడదు. కొడుకు ఆస్పత్రిలో సీసా మందు ఒక్కసారి కూడా తాగలేదు. ఎవరి చేత్తో కలిపిందో ఎవరికి తెలుసు? బయటివాళ్ల చెయ్యి పడకుండా ఎనభై ఏళ్లు గడిపానని ఆమె గొప్పగా చెప్పుకునేది. మంత్రాలయం స్వామి రాయరి మీద ఆనపెట్టి మరీ చెప్పేది.

ఆ ఏడు శ్రావణం మొదట్లో, ఒక ఉదయం, బావి దగ్గర నుంచి తడిబట్టతో వంటింటికి పోతూ నాపరాతి మెట్టు మీద జారి ఎడమ పక్కకు పడింది. తులసీబాయి పరుగెత్తుకొచ్చింది గానీ ఆమె ఇంకా స్నానం చేయలేదు. "ముట్టుకోవద్దు," అని అంత నొప్పిలోనూ అత్తగారు కేక పెట్టింది. మోచేతుల మీద పాక్కుంటూ, వంటింటి పక్క గదిలోకి తానే చేరి, చాప మీద వెల్లకిలా పడుకుంది. అంత పనీ అయ్యాక కోడలు ఆస్పత్రిలోకి పోయి భర్తను పిలుచుకొచ్చింది.

డాక్టరు స్టెతస్కోపు తీసుకుని, అలవాటు కొద్దీ కృపమ్మను రమ్మని సైగ చేశాడు. ఇద్దరూ పెరడు దాటి వెళ్లారు. గడప దగ్గర ఆయన లోపలికి నడిచాడు. కృపమ్మ కాళ్లు వాటంతటవే ఆగాయి.

"ఆమె ఆడనే ఉండనీ," అంది భాగీరథీబాయి.

డాక్టరు తల్లి ముఖం మీదికి వంగి రెండోసారి చెప్పించుకున్నాడు. "అమ్మా, వినాల్సింది ఆమెనే. ఆడవాళ్లకు ఎప్పుడూ ఆమెనే వింటుంది. ఆమెకు అలవాటు."

"నీకు చెవుల్లేవా? ఊళ్లోవాళ్ల ఎముకలన్నీ వింటావు, కన్నతల్లివి వినలేవా?"

 ఆయన దగ్గర ఉన్న జవాబు చెప్పే రకం కాదు.

"ఒకవేళ విరిగింటే ఆదోనికి పోవాల అమ్మా. కాలు కదలకుండా పండబెట్టాల."

"పోయి? ఎవరెవరి చేతుల్లోనో పడి, ఎవరో పండుకున్న మంచం మీద పండుకోని, మూడు నెల్లు స్నానం లేకుండా? సరే, పోతా. విరిగిందని నువ్వు చెవులారా విని చెప్తే పోతా. ఇంకెవరు చెప్పినా పోయేది లేదు."

అక్కడ తేలవలసింది చిన్న విషయం కాదు. తుంటి దగ్గర ఎముక విరిగినా, ఒక్కోసారి ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి అలాగే నిలుస్తాయి. కదలనీయకుండా పడుకోబెట్టి చూసుకుంటే అతుక్కునే ఆశ ఉంటుంది. విరగలేదనుకుని నడిపిస్తే ఏదో ఒక రోజు ఆ ముక్కలు ఊడిపోతాయి. ఎనభై ఏళ్ల మనిషికి ఆ తర్వాత నడక ఉండదు. డాక్టరుకు ఇది తెలుసు. గడప బయట నిలబడ్డ కృపమ్మకూ తెలుసు.

ఆయన బావి దగ్గరికి వెళ్లి నాలుగు చెంబులు నీళ్లు పోసుకుని, మడి పంచె కట్టుకుని వచ్చాడు. తల్లి చెప్పినట్టే స్టెతస్కోపునూ నీళ్లలో ముంచి కడిగాడు. రబ్బరు గొట్టాల నుంచి నీళ్లు కారుతుండగా వాటిని చెవుల్లో పెట్టుకున్నాడు. గిన్నెను తల్లే పట్టుకుని, చెప్పిన చోట తన చేత్తోనే ఆనించుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చ ఎప్పుడో గెలిచిన మనిషి ఇప్పుడు ఇంట్లో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

కుడి మోకాలి మీద కొట్టాడు. ఎడమ మోకాలి మీద కొట్టాడు. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ.

కృపమ్మ ఆయన ముఖం చూస్తూ ఉంది. వెనకటి రోజుల్లో తేడా వినపడితే ఆయన కుడి కనుబొమ లేచేది. ఇప్పుడు ముఖంలో ఏ కదలికా లేదు. ఆమె ముసలావిడ కాళ్ల వైపు కూడా చూసింది. ఎడమ పాదం కుడిదానికంటే కొంచెం బయటికి వాలి ఉంది. ఎడమ మోకాలి మీద వేలు పడ్డప్పుడల్లా ఆ కాలి వేళ్లు ముడుచుకుంటున్నాయి.

డాక్టరు తలెత్తి గడప వైపు చూశాడు.

ఆ చూపు కృపమ్మకు తెలుసు. రెండేళ్లుగా రోజూ చూస్తున్నదే. ఏం తెస్తావు, నూనెనా, కట్టా అని. ఒక్క మాట చాలు. వినకుండా విరిగిందని రూఢిగా చెప్పలేదు, నిజమే. అనుమానంగా ఉందని చెప్పవచ్చు. ఒకసారి నన్ను విననివ్వండి అనవచ్చు. ఆయన చూపు అలాగే నిలిచి ఉంది.

కృపమ్మ తల దించుకుంది. గడపకు పూసిన పసుపు మీద కుంకుమ బొట్టు ఒకటి చెరిగి ఉంటే దాన్ని చూస్తూ నిలబడింది. ఆమెకు కోపం రాలేదు, జాలి కలగలేదు, భయం కూడా వేయలేదు. ఏదో ఒకటి రావలసిన చోట ఏమీ లేదు.

కాసేపటికి లోపల నుంచి డాక్టరు గొంతు వినపడింది. "రెండూ ఒకే తీరుగా పలుకుతాండాయి. విరగలేదు. బెణుకే. నూనె రాసి కాపడం పెట్టండి."

ఆయన అబద్ధమాడలేదు. రెండు కాళ్లూ ఆయనకు ఒకే తీరుగా ఉన్నాయి. రెండూ వినపడలేదు.

"రాయరు కాపాడినాడు," అని భాగీరథీబాయి కళ్లు మూసుకుంది.

రెండు రోజులు పడుకుంది. మూడో రోజు గోడ పట్టుకుని లేచింది. నాలుగో రోజు పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చుని వంట మొదలుపెట్టింది. గజ్జలో నొప్పి ఉందని కోడలితో అంది. ఎనభై ఏళ్లకు నొప్పి ఉండక ఏముంటుంది అని తానే సమాధానం చెప్పుకుంది. రోజూ ఉదయం తులసీబాయి పెరట్లోకి వచ్చినప్పుడు కృపమ్మ, "ఎట్లుంది అమ్మగారికి?" అని అడిగేది. "నడుస్తాండాదమ్మా, మనం చెప్తే వినే మనిషా," అనేది ఆమె. కృపమ్మ తల ఊపి ఆస్పత్రిలోకి వచ్చేసేది. రోజుకొక అవకాశం అలా వచ్చి పోయింది. రాత్రిళ్లు ఆమెకు నిద్ర బాగానే పట్టేది. అది ఆమెకే ఒకసారి వింతగా తోచింది.

ఆరో రోజు మందుల గదిలో డాక్టరు సీసాల వైపు తిరిగి, ఆమె వంక చూడకుండా, "ఆ పొద్దు గొట్టంలో నీళ్లు చేరింటాయి. సరిగ్గా వినపడలేదు," అన్నాడు. ఆ మాట ఎంత బరువు మోసుకుంటూ బయటికి వచ్చిందో కృపమ్మకు తెలియక కాదు. ఆయన ఆ తలుపు తెరిచి పెట్టాడు, ఆమె ఒక్క అడుగు వేస్తే చాలు.

"అవును సార్, నీళ్లు చేరింటాయి," అంది.

ఆయన దూది డబ్బా మూత పెట్టి వెళ్లిపోయాడు.

తొమ్మిదో రోజు ఉదయం భాగీరథీబాయి పొయ్యి ముందు పీట మీద నుంచి లేవబోయింది. పడలేదు, జారలేదు. లేవడానికి బరువు మోపిందంతే. లోపల ఏదో ఊడినట్టయి కూలబడిపోయింది. ఆ అరుపు ఆస్పత్రి వరండాలో ఊడుస్తున్న బజారి అనే పనిమనిషికి వినపడింది. అతను చేతిలో చీపురు పారేసి పరుగెత్తాడు. కృపమ్మకు వినపడింది. మంచాల మీది రోగులందరికీ వినపడింది. డాక్టరును మాత్రం భుజం తట్టి పిలవవలసి వచ్చింది.

ఆయన వెళ్లేసరికి ఎడమ కాలు కుడిదానికంటే రెండు వేళ్లు పొట్టిగా, పాదం పూర్తిగా బయటికి తిరిగి ఉంది. కళ్లున్నవాడికి చాలు, చెవులతో పని లేదు. ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

కృపమ్మ గడప బయటే ఆగింది.

"నర్సమ్మా, లోపలికి రా," అంది భాగీరథీబాయి.

తులసీబాయి అత్తగారి వంక చూసింది. కృపమ్మ గడప దాటింది. పంతొమ్మిదేళ్లలో అది మొదటిసారి. పెద్ద విశేషంగా ఏమీ అనిపించలేదు. లోపలి గచ్చు కూడా బయటి గచ్చు మాదిరే చల్లగా ఉంది.

"సార్ దగ్గర అది తీసుకోని విను."

"వినే పనేముందమ్మా. చూస్తేనే తెలుస్తాంది."

"విను అంటి గదా."

కృపమ్మ గొట్టాలు చెవుల్లో పెట్టుకుని గిన్నె ఆనించింది. ముసలావిడ ఒళ్లు జ్వరం వచ్చినట్టు వేడిగా ఉంది. కుడి మోకాలి మీద కొట్టింది, చప్పుడు దగ్గరగా, స్పష్టంగా వచ్చింది. ఎడమ మోకాలి మీద తగిలీ తగలనట్టు కొట్టింది. ఎక్కడో చాలా దూరంలో ఎవరో నడుస్తున్నట్టు వినపడి ఆగిపోయింది.

"విరిగిందమ్మా."

"ఈ పొద్దా, ఆ పొద్దా?"

"ఆ పొద్దే విరిగింటుంది. ఈ పొద్దు ఎముక పక్కకు జరిగింది."

"నీకు ఆ పొద్దే తెలుసా?"

కృపమ్మ గొట్టాలు తీసి మెడలో వేసుకుంది. "అనుమానమొచ్చిండె."

"మరి ఏమిటికి చెప్పకపోతివి?"

"నన్నెవురూ అడగల్యా అమ్మా."

అడగనిది అమ్మయినా పెట్టదంటారు. ఆ జవాబు కృపమ్మకు గట్టిగానే తోచింది. ఈ తొమ్మిది రోజులూ ఆమె నిద్రపోయింది ఆ జవాబు మీదే.

"అడగల్యా? వాడు నీ తట్టు చూడల్యా? నేను పండుకోని చూస్తాంటి. బిచ్చమడిగేవాడు చూసినట్ల చూసినాడు నా కొడుకు. నువ్వు తల దించుకుంటివి."

గోడ దగ్గర నుంచి డాక్టరు, "ఏమంటాంది?" అన్నాడు.

"విరిగిందంట!" అని ముసలావిడ అరిచి చెప్పింది. ఆయన తల ఊపి, జీపు మాట్లాడమని బజారికి చెప్పడానికి బయటికి వెళ్లాడు. ఆమె మళ్లీ గొంతు తగ్గించింది. "వానికి వినపడదని నాకు తెలీదనుకుంటివా? వంటింట్లో నుంచి మూడు కూతలు పెడితే గాని పలకడు. రెండేండ్లాయ. తెలిసే వాన్ని వినమంటి. వానికి వినపడకపోతే విరగలేదంటాడు, విరగలేదంటే ఈడనే ఉండొచ్చు అనుకుంటి. నా మడి కోసరం నేను గమ్మునుంటి. నువ్వు దేని కోసరం ఉంటివి?"

తులసీబాయి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  కృపమ్మ వంగి, రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, పాత చీర ముక్కలతో రెండింటినీ కలిపి కట్టసాగింది. ఏం తేవాలని ఈసారి ఎవరినీ అడగలేదు.

బజారి తెలిసినవాళ్ల జీపు తెచ్చాడు. వెనక సీట్లు మడిచి పరుపు పరిచారు. కృపమ్మ ముసలావిడ చంకల కింద చేతులు వేసింది, బజారి నడుం కింద వేశాడు, జీపు డ్రైవరు కాళ్లు పట్టుకున్నాడు. ఎవరి చేతులు ఎవరివో చూసే స్థితిలో ఆమె లేదు. తులసీబాయి ఇంట్లో మందిరం ముందు దీపం పెట్టడానికి ఆగిపోయింది. డాక్టరు ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. కృపమ్మ వెనక పరుపు అంచున చేరి, ముసలావిడ తలను ఒళ్లో పెట్టుకుంది.

ఆమె ఇక నడవదని డ్రైవరు తప్ప జీపులో ముగ్గురికీ తెలుసు. ఆదోనిలో ఎక్సురే ఫొటో తీస్తారు, కాలికి బరువు కట్టి పడుకోబెడతారు, అంతకుమించి చేయగలిగేది లేదు. తొమ్మిది రోజుల కింద అయితే ఉండేది.

వానకు తడిసిన నల్లరేగడి రెండు వైపులా ఆవిరి కక్కుతోంది. జీపు గుంతలో దిగినప్పుడల్లా భాగీరథీబాయి కృపమ్మ మణికట్టు పట్టుకుని బిగిస్తోంది. గోళ్లు దిగుతున్నాయి. కృపమ్మ చెయ్యి లాక్కోలేదు.

దేని కోసరం ఉంటివి?

అడగలేదన్న జవాబు వంటింట్లోనే చచ్చిపోయింది. ఇంకొక జవాబు ఏదైనా ఉందేమోనని ఆమె తనలో తాను వెతికింది. ఏమీ ఉండదనే ఆమె నమ్మకం. పంతొమ్మిదేళ్లుగా అక్కడ ఏమీ లేదు. తడిసిన పంచెలో డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని ఉండటం గుర్తుకు తెచ్చుకుంది. ఆయన తలెత్తడం, తన వైపు చూడటం. తాను తల దించుకోవడం. ఆ రెంటికీ మధ్య ఇంకొకటి జరిగింది. చాలా చిన్నది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు, ఇప్పుడు గుర్తుపట్టింది. వినుకోండి మరి, మీ చెవులతోనే వినుకోండి అని లోపల ఎవరో అన్నారు. అన్నప్పుడు హాయిగా ఉండింది.

 ఏమీ అనిపించదని ఊరందరికీ చెప్పుకున్న మనిషి ఆమె.

"అమ్మా," అంది.

"ఊ."

"కోపానికి. కోపానికి గమ్మునుంటి."

భాగీరథీబాయి కళ్లు తెరిచింది. కింది నుంచి కృపమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ పంతొమ్మిదేళ్లలో ఆ ముఖాన్ని అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూసి ఉండదు.

"అట్ల చెప్పు," అంది.

తిట్టలేదు, ఓదార్చలేదు. ఇంకేమైనా అనబోయిందో ఏమో, జీపు పెద్ద గుంతలో పడింది. ముసలావిడ గుండెలు అవిసిపోయేలా అరిచింది. ఆ అరుపుకు కృపమ్మలో సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే పైకి తన్నుకొచ్చి, ఆమె కూడా గట్టిగా ఏడ్చేసింది. డ్రైవరు బెదిరి వెనక్కి చూసి బండి నిదానం చేశాడు.

బండి ఎందుకు ఆగిపోతోందో తెలియక డాక్టరు అతని భుజం తట్టి, "పోనీ, పోనీ," అన్నాడు.